చాటింపే తాళం

ఈకో వ్యాను కొన్నవాళ్లకు తెలిసినవాళ్లంతా చెప్పే మొదటి జాగ్రత్త ఒకటుంది: "కింద ఖరీదైన సామాను ఉంది, ఎవరితోనూ అనకు." నేను దానికి అడ్డం తిరుగుతాను. అందరితోనూ అనండి. కేతేపల్లి స్టేజీ దగ్గర అనండి. ఇనుపాముల హోటల్లో చాయ్ తాగుతూ అనండి. సంక్రాంతికి కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరినప్పుడు అద్దం దించి పక్క బండాయనతోనూ అనండి. పంచాయతీ ఒప్పుకుంటే డప్పు కొట్టించి వాడవాడలా చాటింపు వేయించండి. దొంగకు తెలిసిపోతుంది కదా అంటారు. దొంగకు ఎప్పుడో తెలుసు. తెలియనిది బండి ఓనరుకు, ఎదురింటాయనకు, పాత ఇనుము కొనే మనిషికి. అర్ధరాత్రి మీ బండి కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తే, చూసినవాడు "ఎవరో మెకానిక్కు రిపేరు చేస్తున్నాడు" అనుకుని పోయేది అందుకే. నా సలహాలన్నీ ఈ ఒక్క మాట మీద నిలబడ్డవి. కొన్ని మీకు తిక్కగా కనిపిస్తాయి. అయినా చేయండి.

ముందు ఆ సామాను సంగతి. ఇంజిన్ నుంచి వచ్చే పొగగొట్టం మీద, సైలెన్సర్‌కు ముందు, లావుపాటి ఉక్కు డబ్బా ఒకటి ఉంటుంది. దాని పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. లోపల వేల కొద్దీ సన్నని సందులున్న పింగాణీ దిమ్మె ఉంటుంది. ఆ సందుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే లోహాల పూత. పెట్రోలు పూర్తిగా కాలక పుట్టిన కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ సందుల్లోంచి పోయేటప్పుడు చాలామటుకు బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా, మామూలు నైట్రోజన్‌గా మారిపోతాయి. అన్నీ కలిపినా ఆ లోహాలు కొద్ది గ్రాములే. కానీ 2021 వేసవిలో రోడియం ధర ఔన్సుకు 29,000 డాలర్ల దాకా పోయింది. అప్పుడు బంగారం 1,800 డాలర్ల దరిదాపుల్లో ఉంది. అంటే బంగారానికి పదిహేను రెట్ల పైమాటే. ఆ తర్వాత ధర బాగా పడింది, దొంగలకు పట్టిన రుచి మాత్రం పోలేదు.

మన దేశంలో ఈ డబ్బా 1995 ఏప్రిల్ 1న ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల కొత్త పెట్రోలు కార్లతో మొదలైంది. సీసం కలిపిన పెట్రోలు పోస్తే ఆ పూత పాడవుతుంది కాబట్టి సీసం లేని పెట్రోలు కూడా దానితోపాటే ఆ నగరాలకు వచ్చింది. 2000 సంవత్సరానికి దేశమంతటా సీసం పెట్రోలు పోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు కేతేపల్లిలో తిరిగే కొత్త మోటారు సైకిలుకు కూడా చిన్నదో పెద్దదో ఒక కన్వర్టర్ ఉంది.

మరి దొంగలు ఈకో వెంటే ఎందుకు పడతారు? చాలా కార్లలో ఈ డబ్బా ముందు బానెట్ కింద ఇంజిన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. తీయాలంటే సగం బండి విప్పాలి. ఈకోలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, పొగగొట్టం బండి పొట్ట కిందుగా వెనక్కి పోతుంది. నేల మీద వెల్లకిలా పడుకుని పాన పట్టుకుంటే చేతికి అందుతుంది. 2020 తర్వాత గుజరాత్, మహారాష్ట్ర వైపు ఈకో సైలెన్సర్లు విప్పుకుపోయే ముఠాలను పోలీసులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. మన దగ్గర ఈ బండే బడి పిల్లలను నకిరేకల్, సూర్యాపేట చేరుస్తుంది, పెళ్లి సామాను మోస్తుంది, కొన్నిచోట్ల అంబులెన్సుగానూ తిరుగుతుంది. అలాంటి బండి పొద్దున్నే స్టార్ట్ చేయగానే చెవులు పగిలేలా మోగితే ఆ రోజు కిరాయి పోతుంది, పిల్లల బడీ పోతుంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

కాబట్టి మొదటి పని రంగు డబ్బాతో మొదలుపెట్టండి. బండి వెనక తలుపు మీద హీరో పేరు, అమ్మానాన్నల దీవెన, దిష్టి మాటలు రాయించుకుంటాం కదా. వాటిని చెరిపేసి పెద్ద అక్షరాలతో ఇలా రాయించండి: "ఈ బండి కింద ప్లాటినం ఉంది. నంబరు చెక్కి ఉంది. కొన్నవాడికీ కేసు." రాత్రి వెనక వచ్చే లారీ లైట్లకు కూడా కనబడాలి. రాసినట్టే నిజంగా నంబరు చెక్కించండి. మీ టీజీ 05 నంబరు, ఛాసిస్ నంబరులో చివరి ఐదు అంకెలు కన్వర్టర్ పై రేకు మీద పైపైన చెక్కాలి, రంధ్రం పడకూడదు. దాని మీద వేడికి తట్టుకునే పసుపు రంగో నారింజ రంగో పూయించండి. అమెరికాలో చాలా ఊళ్ల పోలీసులు శిబిరాలు పెట్టి మరీ ఇలా చెక్కి రంగు పూసి పంపుతున్నారు. అక్కడ దొంగలు ఎక్కువగా వెంటపడేది టయోటా ప్రియస్‌ను. మన నల్లగొండ, సూర్యాపేట నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో, టెక్సస్‌లో ఉద్యోగాలు చేసే పిల్లలను అడగండి, ప్రియస్ దొంగతనం కథ ఒక్కటైనా వినే ఉంటారు. ఆ బండి కొంతసేపు పెట్రోలుతో, కొంతసేపు బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి కన్వర్టర్ లోపలి పూత తక్కువగా అరుగుతుంది. ఆ దేశపు బీమా నేరాల సంస్థ లెక్కల్లో 2018లో 1,298గా ఉన్న కన్వర్టర్ దొంగతనాల క్లెయిములు 2020లో 14,433 అయ్యాయి.

రెండో చాటింపు మీ బండెక్కే పిల్లలకు. వాళ్లకు సాంతం చెప్పండి. కన్వర్టర్ అంటే ఏమిటి, ఎక్కడ ఉంటుంది, అది ఉంటే బండి చప్పుడు ఎలా ఉంటుంది, పోతే ఎలా మోగుతుంది. ఏడో తరగతి పిల్లకు రోడియం అంటే ఏమిటో తెలిస్తే ఆ సాయంత్రానికి వాళ్ల నాయనమ్మకు తెలుస్తుంది, మర్నాటికి ఆ వాడ మొత్తానికి తెలుస్తుంది. పిల్లల నోట పడ్డ కబురుకు ఉన్నంత వేగం ఏ వాట్సాప్ గ్రూపుకూ లేదు. బండి కిందికి మాత్రం దూరనీయకండి. చప్పుడు గుర్తుపట్టడమే వాళ్ల పని.

మూడో చాటింపు పాత సామాను దుకాణంలో. దీని మీద నేను కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం బండి కింద తాళాల గురించి గంటలు మాట్లాడి ఇక్కడికి వచ్చేసరికి విసుక్కుంటారు. దొంగకు ఆ డబ్బా సొంతానికి దేనికీ పనికిరాదు. పింగాణీని పొడి చేసి అందులోంచి లోహం రాబట్టడానికి పెద్ద కొలిమి, ఆమ్లాలు, ఆ పని తెలిసిన కర్మాగారం కావాలి. అందుకని దొంగ మొదట చేరేది కొనేవాడి దగ్గరికే. కాలిఫోర్నియా వాళ్లు 2022లో చేసిన చట్టాలు అక్కడే చెయ్యి పెట్టాయి: 2023 జనవరి 1 నుంచి, వాడిన కన్వర్టర్‌ను లైసెన్సున్న వ్యాపారి నుంచో, బండి తనదేనని కాగితాలు చూపించిన యజమాని నుంచో తప్ప కొనకూడదు. మన చట్టంలోనూ భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద దొంగకు మూడేళ్ల దాకా జైలు ఉంటే, దొంగ సొత్తని తెలిసి తీసుకున్నవాడికి 317వ సెక్షన్ కింద కూడా మూడేళ్ల దాకా ఉంది.

అందుకని నా సలహా: వారానికి ఒకరోజు పని మానుకుని మీకు దగ్గర్లో ఉన్న పాత ఇనుము దుకాణానికి వెళ్లి కూర్చోండి. చాయ్ మీరే తెప్పించండి. మీ పసుపు రంగు డబ్బా ఫోటో ఆయన ఫోన్లోకి పంపండి. "అన్నా, ఈ రంగుది వస్తే నాకు ఒక్క ఫోన్ కొట్టు" అనండి. ఆటోకు మైకు కట్టుకుని "పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు" అంటూ ఊరూరా తిరిగే మనిషిని కూడా ఆపండి. ఆయన దగ్గర నాలుగు కిలోల ఉల్లిగడ్డలు కొనండి, ఫోటో చూపించండి. ఒకరోజు కిరాయి పోతుందని లెక్కలు వేయకండి. ఆ దుకాణాల్లో మీ ముఖం, మీ డబ్బా ముఖం రెండూ తెలిసి ఉండటం కంటే పెద్ద బీమా లేదు. అసలు బీమా అంటే గుర్తొచ్చింది, థర్డ్ పార్టీ మాత్రమే కట్టిన బండికి ఈ నష్టం కింద ఒక్క రూపాయి రాదు.

ఇక బండి పెట్టే చోటు. గోడవారగా, ఎవరికీ అడ్డం లేకుండా, నీడన పెట్టడం మర్యాద అనుకుంటాం. ఆ మర్యాద దొంగకు చేసే మర్యాదే. బండిని అడ్డంగా పెట్టండి. ఈకోకు రెండు పక్కలా జరిపే తలుపులు ఉన్నాయి. ఆ సౌకర్యాన్ని కంపెనీవాళ్లు దేనికిచ్చినా మనం దీనికి వాడుకుందాం: రాత్రి బండిని మీ గల్మకు అడ్డంగా, ఒక పక్క తలుపు సరిగ్గా దర్వాజకు ఎదురుగా వచ్చేలా నిలపండి. ఇంట్లోంచి బయటికి పోవాలంటే ఒక తలుపు జరిపి బండెక్కాలి, రెండో తలుపు జరిపి ఆకిట్లోకి దిగాలి. రాత్రి నీళ్లకు లేచిన ముసలాయన, తెల్లవారుజామున కల్లాపి చల్లే ఇల్లాలు, పాలవాడు, పొద్దున పేపరు పిల్లాడు అందరూ బండిలోంచే నడుస్తారు. అంతమంది కాళ్ల కింద పడుకుని బోల్టు విప్పే మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. తలుపులకు చైల్డ్ లాక్ ఉంటుంది, దాన్ని తీసి ఉంచండి, లేకపోతే లోపలినుంచి తెరుచుకోదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం, ఆపద వస్తే బయటపడటం కోసం పెరటి తలుపు ఖాళీగా ఉంచాలి, దానికి అడ్డం ఏదీ పెట్టొద్దు. ఇంట్లోవాళ్లు మొదట నాలుగు రోజులు తిడతారు. చుట్టాలొస్తే నవ్వుతారు. నేనైతే ఇల్లు కొత్తగా కట్టుకునేవాళ్లకు దర్వాజ ఎత్తు, బండి మెట్టు ఎత్తు సమానంగా ఉండేలా ముందే మేస్త్రీకి చెప్పుకోమని అంటాను.

బియ్యం బస్తాలు ఇంట్లో కాకుండా బండిలో నిల్వ చేయండి. ఈకో పొట్టకు, నేలకు మధ్య ఖాళీ 160 మిల్లీమీటర్లు. వెనక ఇరుసు మీద నాలుగైదు పాతిక కిలోల బస్తాలు పడితే బండి కొంత దిగుతుంది. దొంగ భుజం దూరే సందు అంగుళాల లెక్క కాబట్టి ఆ దిగిందే మనకు మిగులు. స్ప్రింగులు తొందరగా అలసిపోతాయని మెకానిక్కు అంటాడు. అలసిపోనీయండి. స్ప్రింగు సూర్యాపేటలో దొరుకుతుంది, వేసుకోవచ్చు. ఎలుకలకు మాత్రం వైర్లు కొరికే బుద్ధి ఉంది కాబట్టి బియ్యాన్ని మూత గట్టిగా పడే డ్రమ్ముల్లో పోయండి. పొద్దున పిల్లలు ఎక్కేముందు దింపేయాలి, మళ్లీ రాత్రి ఎక్కించాలి. ఒంటికీ మంచిదే.

వేడి ఒక కాపలా. కన్వర్టర్ పని మొదలుపెట్టాలంటేనే దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ కావాలి, బండి నడుస్తుంటే ఇంకా చాలా పైకి పోతుంది. అంత కాలే గొట్టం మీద ఎవడూ చెయ్యి వేయడు. ఊరు మాటుమణిగాక, రెండు గంటల వేళ లేచి ముఖం కడుక్కుని, నిద్ర పూర్తిగా వదిలాక, బండి తీసి కొర్లపహాడ్ వైపు పోయి టోల్‌గేటు రాకముందే తిరిగి రండి. లీటరు పెట్రోలు వంద దాటిన రోజుల్లో ఇదేం సలహా అంటారు. ఖర్చే. కొత్త కన్వర్టర్ ఖరీదు అడిగి వచ్చి అప్పుడు మాట్లాడండి. ఇంటి ముందే నిలబెట్టి ఇంజిన్ నడిపితే చాలదా అంటే చాలదు. చల్లగా ఉన్నంతసేపు కన్వర్టర్ పొగను శుభ్రం చేయదు, ఆ విషమంతా మీ కిటికీల్లోకే వస్తుంది. మూసిన షెడ్డులో అయితే ఒక్క నిమిషం కూడా ఇంజిన్ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు.

తిరిగి వచ్చాక ఎక్కడ నిలుపుతున్నారో చూసుకోండి. కోతల కాలంలో మన దగ్గర రోడ్లన్నీ వడ్ల కళ్లాలే, పక్కన వరిగడ్డి కుప్పలే. కాలుతున్న కన్వర్టర్ కింద ఎండుగడ్డి ఉంటే అంటుకుంటుంది. దొంగ నుంచి డబ్బా దక్కి, మంటలో బండి, వాముకు వాము పోతే ఎవరికి చెప్పుకుంటాం.

ఇనుప పంజరాలు, సైలెన్సర్ లాకులు అమ్ముతున్నారు. కొనుక్కోండి, కాదనను. నేను మాత్రం ఊళ్లోని వెల్డింగ్ షాపులోనే పట్టీలతో చేయించమంటాను, దానికి బోల్టులు ఒకే సైజువి వేయించవద్దంటాను. ఒకటి 12 నంబరు, ఒకటి 13, ఒకటి 14, ఒకటి 17. ఒకటి గుండ్రటి తల, అలెన్ కీ పడేది. దొంగ ఒకటో రెండో పానలతో వస్తాడు, మొత్తం పెట్టె మోసుకురాడు. మీ మెకానిక్కుకు కూడా ఇది చికాకే. ఆయనకు కూలి పైన కొంత కలిపి ఇచ్చి, ఏ బోల్టు ఎక్కడో కాగితం మీద గీసి డ్యాష్‌బోర్డులో కాదు, ఇంట్లో బీరువాలో దాచండి. పట్టీని కన్వర్టర్ డబ్బాకు నేరుగా వెల్డింగ్ చేయనీయకండి, లోపలి పింగాణీ పగులుతుంది. వేడికి గొట్టం సాగుతుంది కాబట్టి కొద్దిగా ఖాళీ వదలాలి. పక్కనే ఉండే ఆక్సిజన్ సెన్సార్ వైరు నలగకూడదు. ఆర్క్ వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ తీగ విప్పించండి.

మీరు తినగా మిగిలిన సద్ది రోజూ బండి కిందే పెట్టండి. వాడ కుక్కలు అక్కడే తిని, ఇంజిన్ వెచ్చదనానికి అక్కడే పడుకుంటాయి. పొద్దున స్టార్ట్ చేసేముందు వంగి చూసి, పేరు పెట్టి పిలిచి లేపాలి. పేరు పెట్టకపోతే పెట్టండి.

ఇప్పుడు నేను గట్టిగా వద్దనే సలహా ఒకటి ఉంది, అది మాత్రం ఊళ్లలో బాగా చెలామణిలో ఉంది. "దొంగ తీసేదేదో మనమే తీసి అమ్ముకుంటే పోలా? నాలుగు పైసలు వస్తాయి, ఉత్త గొట్టం వేస్తే పికప్ కూడా పెరుగుతుంది" అని. అలా తీసిన బండి వెనక మన పిల్లలు సైకిళ్ల మీద పోతుంటారు. పొగగొట్టం వదిలేది ఆ పిల్లల రొమ్ముల్లోకే పోతుంది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన తరాలను చూసిన నల్లగొండ జిల్లా మనది. కంటికి కనిపించని విషం ఏం చేస్తుందో మనకు ఎవరూ వచ్చి నేర్పాల్సిన పని లేదు. గాలిలో ఇంకొకటి కలపడానికి నేను ఒప్పుకోను. చట్టమూ ఒప్పుకోదు: పొగ నిబంధనలు మీరిన బండికి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి. దొంగ తీసుకుపోతే మళ్లీ కొనండి, అప్పు చేసి అయినా కొనండి.

జాతరల సంగతి వేరే. చెర్వుగట్టుకు, దురాజ్‌పల్లి పెద్దగట్టుకు కిరాయి పోయినప్పుడు వేల బండ్ల మధ్య మీ బండి చాటింపు ఎవరికీ వినపడదు. అక్కడ దర్శనానికి ఒక్కొక్కరుగా పోండి, డ్రైవరు చివర పోవాలి. బండి కిందనే చాప పరిచి వంటలు చేసుకోవడం వద్దు, పక్కనే పరుచుకోండి.

ఎన్ని చేసినా ఒక రాత్రి చప్పుడు వినిపిస్తే? లైట్లన్నీ వేయండి, హారన్ కొట్టండి, కేకలేయండి, 100కో 112కో ఫోన్ చేయండి. బయటికి మాత్రం పోవద్దు. ఇన్ని తిక్క పనులు చేయమన్న నేను ఈ ఒక్కదానికి మిమ్మల్ని చేతులు పట్టుకుని ఆపుతాను. 2022 మార్చి 31న హ్యూస్టన్‌లో డారెన్ అల్మెండారెజ్ అనే షెరిఫ్ డిప్యూటీ, డ్యూటీలో లేని సమయంలో, భార్యతో సరుకులకు వెళ్లి తిరిగి వచ్చేసరికి ఆయన ట్రక్కు కింద దొంగలున్నారు. ఆపబోయాడు. కాల్చి చంపేశారు. ఆయన తర్ఫీదు పొందిన పోలీసు. 2023లో టెక్సస్ చేసిన కన్వర్టర్ దొంగతనాల చట్టానికి ఆయన పేరు పెట్టారు. డబ్బా పోతే పోనీయండి.

పోయాక ఆ బండిని స్టార్ట్ చేసి గ్యారేజీ దాకా తోలకండి. విషపు పొగ బండి మధ్యలోనే, సీట్ల కిందుగా బయటికి వస్తుంది. తోయించండి లేదా కట్టి లాగించండి. ముందు కింద పడ్డ నట్లు, కోసిన గొట్టం చివరలు ఫోటో తీయండి. కేసు ఏ స్టేషన్లో అయినా పెట్టొచ్చు, ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదులో "సైలెన్సర్ పోయింది" అని రాస్తే చిల్లర దొంగతనంగా పక్కన పడుతుంది. "క్యాటలిటిక్ కన్వర్టర్, పసుపు రంగు, మీద చెక్కిన నంబరు ఇది" అని రాయండి, చెక్కినప్పటి ఫోటో జత చేయండి. ఆ నకలు తీసుకుని అదే పొద్దున, ఇంటికి పోకముందే, పాత ఇనుము దుకాణానికి వెళ్లి చూపించండి.